పన్నెండేళ్లుగా బ్లోసమ్62తో

విశాఖపట్నంలో రొయ్యల రోగనిరోధక ప్రొటీన్ల మీద పనిచేస్తూ పన్నెండేళ్లయింది. ఫిషింగ్ హార్బర్ నుంచి మంచులో పెట్టి తెచ్చిన రొయ్య ఏదైనా చివరికి నా బల్ల మీద అక్షరాల వరుసగా మారాల్సిందే: ప్రొటీన్‌ను కట్టే ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం. ఆ వరుసలను ఒకదాని కింద ఒకటి పేర్చి పోల్చడానికి ఇన్నాళ్లూ నేను నమ్ముకున్నది బ్లోసమ్62 అనే స్కోర్ల పట్టికనే.

1992లో శాస్త్రవేత్తలైన హెనికాఫ్ దంపతులు ప్రచురించిన పట్టిక ఇది. బంధుత్వమున్న ప్రొటీన్లలో ఏ అమైనో ఆమ్లం చోట ఏది వచ్చిందో లెక్కించి, కాకతాళీయంగా రావాల్సిన దానికంటే ఎక్కువసార్లు కనిపించిన జంటకు ప్లస్, తక్కువసార్లు కనిపించినదానికి మైనస్ వేశారు. ఐసోల్యూసిన్ చోట వాలీన్ వస్తే 3. ట్రిప్టోఫాన్ చోట ఆస్పార్టిక్ ఆమ్లం వస్తే మైనస్ 4. ల్యూసిన్ మారకుండా నిలిస్తే 4 మాత్రమే, అరుదైన ట్రిప్టోఫాన్ నిలిస్తే ఏకంగా 11.

దీని విలువ నాకు క్రస్టిన్ దగ్గర తెలిసింది. సూక్ష్మజీవులతో పోరాడే ఈ రొయ్య ప్రొటీన్ చివరి భాగంలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు 8 జతజతలుగా కలిసి నాలుగు డైసల్ఫైడ్ (గంధకం-గంధకం) బంధాలు కడతాయి. దూరపు బంధువుతో పోల్చినప్పుడు మిగతా అక్షరాలు చాలావరకు కలవలేదు. సిస్టీన్లు మాత్రం ఎనిమిదీ నిలువుగా ఒకే గీత మీద నిలబడ్డాయి. పట్టిక ప్రకారం ఒక్కోదానికి 9 చొప్పున స్కోరు 72. తెర మీద ఆ నిలువు గీతలు చూసిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అదే క్రస్టిన్ నన్ను మోసం కూడా చేసింది. కొన్ని రకాల్లో మొదటి భాగం నిండా గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాలే. గ్లైసిన్‌కు గ్లైసిన్ కలిస్తే 6 కాబట్టి, బంధువుల కోసం వెతికినప్పుడు ఏ సంబంధమూ లేని గ్లైసిన్ ప్రొటీన్లు పెద్ద స్కోర్లతో జాబితా పైకి వచ్చేశాయి. రెండు వారాలు వాటి వెంట తిరిగాను. ఇలాంటి పునరావృత భాగాలను ముందే మరుగుపరచి వెతకాలి.

పన్నెండు అక్షరాల చిన్న పెప్టైడ్లకైతే (పొట్టి అమైనో ఆమ్లాల గొలుసులకైతే) ఈ పట్టిక వద్దు. ఒక్కో స్థానం నుంచి ఇది ఇచ్చే సమాచారం సగటున 0.7 బిట్ (సమాచారాన్ని కొలిచే ప్రమాణం) మాత్రమే, పన్నెండింటికీ కలిపి చూసినా ఎనిమిదిన్నర బిట్లు దాటదు. పామ్30 అనే మరో స్కోర్ల పట్టిక ఒక్కో స్థానానికి రెండున్నర బిట్ల పైనే ఇస్తుంది. దాన్ని వాడండి.

బ్లోసమ్62ను తయారుచేసిన ప్రోగ్రాములోనే లెక్క తప్పిందని 2008లో బయటపడింది. సరిచేసిన పట్టిక కంటే తప్పుపడిన పట్టికే వెతుకులాటలో మెరుగ్గా పనిచేసిందని కూడా అప్పుడే తేలింది. నేను పాతదాన్నే వాడుతున్నాను.

వరుసలు కలవడానికి మధ్యలో ఖాళీ పెడితే స్కోరులో కోసే గ్యాప్ పెనాల్టీని మాత్రం అలా వదిలేయను. ప్రొటీన్ వరుసలను వెతికే ప్రోగ్రామైన బ్లాస్ట్‌లో మామూలుగా ఉండే సెట్టింగు ఖాళీ తెరవడానికి 11, పొడిగించే ప్రతి అక్షరానికి 1. క్రస్టిన్లలో సిస్టీన్ల మధ్య దూరం ఒకటి రెండు అక్షరాలు మారినప్పుడు, ఆ 11ను తగ్గించి మరోసారి నడిపి, రెండు అలైన్‌మెంట్లనూ (వరుసల పేర్పులనూ) పక్కపక్కన పెట్టి సిస్టీన్లను కంటితో లెక్కపెడతాను.