ఆలస్యమైన జనన నమోదు: మహబూబ్‌నగర్‌లోని ఒక మీసేవ కేంద్రం పనితీరు

మహబూబ్‌నగర్ బస్టాండు ప్రాంతంలోని ఒక మీసేవ కేంద్రానికి, పుట్టిన తేదీ ఎక్కడా నమోదు కాని పిల్లల కాగితాలు ఓపికగా చూస్తారని వలస కుటుంబాల్లో పేరుంది. మా వీధిలో ఉండే ఒక ముస్లిం మహిళకు తోడుగా వెళ్లి చూసినదాన్ని బట్టి ఈ సమీక్ష రాస్తున్నాను. ఆమె కూతురు ఊళ్లోనే ఇంటి కాన్పులో పుట్టి ఇప్పుడు బడికి వెళుతోంది. కొడుకు పుణెలో తల్లిదండ్రులు మేస్త్రీ వెంట కట్టడం పనికి వెళ్లినప్పుడు పుట్టాడు. ఇద్దరికీ జనన ధృవపత్రం లేదు, భర్త ఆచూకీ లేదు.

ఆపరేటర్ రుసుము తీసుకోకముందే కాగితాలన్నీ చదవడం ఈ కేంద్రంలో నాకు నచ్చిన మొదటి విషయం. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి కాబట్టి కొడుకు పని ఇక్కడ కాదని, పుణెలోనే చేయించుకోవాలని అతడు ముందే చెప్పాడు. ఆ మాట దాచి అఫిడవిట్లు రాయించి డబ్బు గుంజేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. అయితే అక్కడికి ఏయే ఆధారాలు పట్టుకెళ్లాలో మాత్రం అతడికీ తెలియదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం ఆ ఏడాది అక్టోబరు 1న గాని, ఆ తర్వాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరికకైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీ, స్థలాలకు జనన ధృవపత్రమే రుజువు. ఈ పిల్లవాడు ఆ తేదీ తర్వాత పుట్టినవాడు.

కూతురి దరఖాస్తును అతడు శ్రద్ధగా నింపాడు. అదే 1969 చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోపు తెలియజేస్తే రుసుము ఉండదు, ఏడాది దాటితే మేజిస్ట్రేటు హోదా గల అధికారి ఉత్తర్వు కావాలి. పేరు రిజిస్టరులో లేదన్న పత్రం, టీకాల కార్డు, బడి బోనఫైడ్ ఏ వరుసలో జత చేయాలో అతడు వివరించాడు. తల్లి పేరు ఒక కార్డులో ‘బీ’తో, మరొకదానిలో ‘బేగం’తో ముగియడం చూసి, తెర మీది వివరాలను ఆమెకు పైకి చదివి వినిపించి, సరే అన్నాకే ముందుకు వెళ్లాడు.

అంత జాగ్రత్తగల మనిషే “మీ ఆయన ఆధార్ లేకుంటే కాదమ్మా” అని వరుసలో నిలబడ్డ అందరి ముందూ అనేశాడు. అది చట్టం మాట కాదు. తల్లిదండ్రుల ఆధార్ సంఖ్య అందుబాటులో ఉంటేనే దాన్ని తెలపాలని 2023 సవరణ చెబుతుంది; ఒంటరి తల్లి పిల్లల జనన ధృవపత్రానికి దరఖాస్తు చేసుకుంటే ఆమె నుంచి అఫిడవిట్ మాత్రమే అడగాలని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. ఆ తీర్పు గురించి గట్టిగా చెప్పిన మీదట దరఖాస్తు తీసుకున్నాడు. ఆమె ఒంటరిగా వచ్చి ఉంటే వెనుదిరిగేదనే నా అభిప్రాయం.

ఇది ఒక్క బడి చేరికతో ముగిసే వ్యవహారం కాదు. జనన ధృవపత్రం తనంతట తాను పౌరసత్వాన్ని ఇవ్వదు, ఆధారూ పౌరసత్వానికి రుజువు కాదు. 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టినవారికి సాధారణంగా పుట్టుకే చాలు. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవారికి తల్లిదండ్రులిద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. ఇంటి కాన్పులో పుట్టి, బడి ముఖం చూడకుండానే పెళ్లయి వేరే ఊరికి వెళ్లిన తల్లి దగ్గర తన పుట్టుకకే కాగితం లేకపోతే, ఆ లోటు పిల్లల మీదికీ వస్తుంది. పుట్టగానే నమోదు, పేరు, జాతీయత పొందే హక్కు పిల్లలకు ఉందని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లో చేరింది. దేశరహిత వ్యక్తులకు, అంటే ఏ దేశ పౌరసత్వమూ లేనివారికి సంబంధించిన 1954, 1961 ఒప్పందాల్లో మాత్రం చేరలేదు.

గల్ఫ్‌లో పుట్టిన పిల్లల సంగతి ఈ కౌంటర్ దగ్గర అడిగి ప్రయోజనం లేదు. భారతీయ తల్లికి గాని తండ్రికి గాని విదేశంలో పుట్టిన బిడ్డ జననాన్ని అక్కడి భారత కాన్సులేట్‌లో ఏడాదిలోపు నమోదు చేయించాలి; గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి.

మొత్తం మీద, స్థానికంగా పుట్టిన పిల్లల నమోదుకు ఈ కేంద్రానికి వెళ్లవచ్చు. రసీదు వెంటనే ఇస్తారు, అదనంగా ఏమీ అడగలేదు. భర్త తోడు లేని మహిళలు ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించడం మేలు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం అందాలి కాబట్టి, అఫిడవిట్‌ను అక్కడే సిద్ధం చేయించుకొని కౌంటర్‌కు వెళ్లవచ్చు.