స్పైస్ మోడల్‌తో అమ్మే ఇండక్టర్లు కొనేవారికి హెచ్చరిక

పవర్ సప్లై బోర్డుల కోసం ఆన్‌లైన్‌లో ఇండక్టర్లు (కోర్ అనే అయస్కాంత పదార్థం మీద చుట్టిన తీగచుట్టలు) కొనేవారు, సరుకుతో పాటు స్పైస్ సిమ్యులేషన్ మోడల్ (కంప్యూటర్లో సర్క్యూట్ పనితీరును ముందే లెక్కగట్టేందుకు వాడే ఫైలు) కూడా ఇస్తామన్న మాట నమ్మి డబ్బు చెల్లించవద్దని మనవి. ఇటీవల ఒక విక్రేత వద్ద 47 మైక్రోహెన్రీల ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం), 3 ఆంపియర్ల రేటింగ్ ఉన్న ఫెరైట్ డ్రమ్ కోర్ ఇండక్టర్లు తీసుకున్నాను. 12 వోల్టులను 5 వోల్టులకు దించే, 100 కిలోహెర్ట్జ్ వద్ద పనిచేసే బక్ కన్వర్టర్‌కు అవి కావాలి. విక్రేత పంపిన మోడల్‌ను ఎల్‌టీస్పైస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో నడిపితే, 3 ఆంపియర్ల లోడు వద్ద రిపుల్ (కరెంటులో హెచ్చుతగ్గు) సుమారు 0.6 ఆంపియర్లు, గరిష్ఠ కరెంటు 3.3 ఆంపియర్లు వచ్చాయి. కాగితం మీద లెక్కగట్టినా అంతే వస్తుంది.

బోర్డు మీద మాత్రం లోడు 2 ఆంపియర్లు దాటగానే, ఆసిలోస్కోపులో ఏటవాలుగా పెరగవలసిన కరెంటు గీత ప్రతి ఆన్ సమయం చివరా నిటారుగా లేచింది. లోడు ఇంకొంచెం పెంచేసరికి స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ కాలిపోయింది. ఇది కోర్ సాచురేషన్ (కోర్ అయస్కాంత సామర్థ్యం నిండిపోవడం) లక్షణం. ఐరన్ పౌడర్ కోర్లలో ఇండక్టెన్స్ మెల్లగా తగ్గుతుంది గానీ, ఫెరైట్‌లో ఒక హద్దు దాటాక ఒక్కసారిగా పడిపోతుంది.

అప్పుడు మోడల్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే, అందులో ఉన్నవి ఇండక్టెన్స్, దానికి సిరీస్‌లో ఒక రెసిస్టెన్స్, అంతే. వందల ఆంపియర్లు పంపినా ఆ మోడల్ 47 మైక్రోహెన్రీలుగానే నిలుస్తుంది. వైండింగ్ కెపాసిటెన్స్ కూడా లేదు కనుక సెల్ఫ్ రెజొనెన్స్ (ఇండక్టర్ తన తీగచుట్ల మధ్య కెపాసిటెన్స్‌తో ఒక ఫ్రీక్వెన్సీ వద్ద అనునాదం చెందడం) కనబడే అవకాశమే లేదు. (ఇంతమాత్రం మోడల్ ఎవరైనా నిమిషంలో రాసుకోగలరు.) సిమ్యులేషన్ సరిపోయింది కాబట్టి లోపం మీ బోర్డులోనే ఉందని విక్రేత బదులిచ్చి, సొమ్ము వాపసు చేయలేదు.

అసలు మెలిక ఆ 3 ఆంపియర్ల అంకెలో ఉంది. అది వేడికి సంబంధించిన రేటింగ్, అంటే ఇండక్టర్ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగేంత కరెంటు. సాచురేషన్ కరెంటు (కోర్ సాచురేషన్ మొదలయ్యే కరెంటు) విక్రేత ఇచ్చిన డేటాషీట్‌లో ఎక్కడా లేదు. పేరున్న తయారీదారులు రెండూ విడివిడిగా ఇస్తారు, అయితే సాచురేషన్ కరెంటును కొందరు ఇండక్టెన్స్ 20 శాతం తగ్గినచోట, మరికొందరు 30 శాతం తగ్గినచోట లెక్కిస్తారు కాబట్టి, ఆ అంకెలను నేరుగా పోల్చరాదు.

కొనే ముందే కరెంటుతో పాటు ఇండక్టెన్స్ ఎలా మారుతుందో చూపే గ్రాఫ్ అడగండి. అది దొరికితే ఎల్‌టీస్పైస్‌లో ఇండక్టర్ విలువకు బదులు ఫ్లక్స్ (అయస్కాంత అభివాహం) సమీకరణం రాయవచ్చు: 2 ఆంపియర్ల వద్ద 30 శాతం తగ్గే 47 మైక్రోహెన్రీల ఇండక్టర్‌కు, కరెంటును 3.2తో భాగించి, దాని హైపర్బోలిక్ టాంజెంట్‌ను 150 మైక్రోవెబర్లతో గుణిస్తే ఉజ్జాయింపుగా సరిపోతుంది. గ్రాఫ్ ఇవ్వలేనంటే ఆ సరుకు తీసుకోవద్దు.