సిగ్నల్ దగ్గర ఆగిపోయే మారుతి 800: పద్నాలుగేళ్ల తర్వాత నా మాట

నాది 1998 మోడల్, కార్బ్యురేటర్ (గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) ఉన్న బండి. 2011లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 796 సీసీ, మూడు సిలిండర్లు. నా చేతి మీదే లక్ష కిలోమీటర్లు దాటింది. ఈ పద్నాలుగేళ్లలో నన్ను నిజంగా ఏడిపించింది ఒక్క ఐడ్లింగే, అంటే బండి నిలబడి ఉండగా ఇంజన్ నడవడం.

బెంజ్ సర్కిల్ దగ్గర ఎర్ర లైటు పడితే చాలు, టెన్షన్ మొదలయ్యేది. న్యూట్రల్‌లోకి తేగానే బండి గజగజ వణికి ఆగిపోయేది. వెనక హారన్ల మోత. చివరికి ఒకే పాదంతో బ్రేకూ, యాక్సిలరేటరూ కలిపి తొక్కడం అలవాటైపోయింది. విచిత్రమేమిటంటే, పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేస్తే బుద్ధిగా నడిచేది. ఇంజన్ వేడెక్కాకే ఈ పేచీ.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ప్రతిసారీ అదే వైద్యం. స్క్రూడ్రైవర్ తీసి స్క్రూ అర చుట్టు తిప్పి, "స్లో స్పీడ్ పెంచాను సార్, ఇంక ఆగదు" అనేవాడు. ఆగేది కాదు, నిజమే. కానీ ట్రాఫిక్‌లో ఊరికే గుర్రుమనేది, మైలేజీ 17 నుంచి 13కి పడింది. ఇంకొకాయన ఏకంగా కార్బ్యురేటరే మార్చేద్దామన్నాడు. దాదాపు ఒప్పుకున్నాను కూడా.

అంబాసిడర్ నడిపి రిటైరైన మా బాబాయి ఆపాడు. "స్క్రూల జోలికి పోకురా. ముందు గాలి ఎక్కడ దొంగదారిన దూరుతోందో చూడు."

ఇంజన్ వేడి మీద ఉండగా బానెట్ ఎత్తి, గుడ్డ చుట్టిన ప్లయర్‌తో ఒక్కో రబ్బరు గొట్టాన్నీ నొక్కుతూ పోయాం. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కి (మిశ్రమాన్ని సిలిండర్లకి పంచే గొట్టాల భాగం) వెళ్లే సన్నగొట్టం నొక్కగానే వణుకు టక్కున ఆగింది! తీసి చూస్తే, క్లిప్పు కింద దాక్కున్న చిన్న పగులు. వంచితేనే కనిపిస్తుంది. ఆ పగుల్లోంచి దూరే గాలి వల్ల మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గిపోతోంది. చోక్ లాగినప్పుడు పెట్రోలు ఎక్కువ పోతుంది కాబట్టి ఆ లోటు బయటపడలేదు. గొట్టం ఖర్చు వంద రూపాయల లోపే.

రెండేళ్ల తర్వాత మళ్లీ ఆగడం మొదలైంది. ఈసారి గొట్టాలన్నీ బాగానే ఉన్నాయి. కీ ఆన్ చేస్తే కార్బ్యురేటర్ మీది సొలినాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు, 'టక్' మనాలి. మా దాంట్లో చప్పుడే లేదు. ఐడ్లింగ్‌లో పెట్రోలు వెళ్లే సన్న దారిని తెరిచేది అదే. వైరు కొన పచ్చగా చిలుము పట్టి ఉంది, గీకి పెట్టేసరికి పలికింది. అది పలికినా ఆగిపోతుంటే స్లో జెట్ (ఆ సన్న దారిలో పెట్రోలు వెళ్లే రంధ్రం ఉన్న చిన్న ముక్క) విప్పి గాలి కొట్టించాలి. సూదితో మాత్రం పొడవకండి, రంధ్రం పెద్దదైపోతుంది.

స్పార్క్ ప్లగ్గులు కూడా చూసుకున్నాకే మిక్చర్ స్క్రూ (ఐడ్లింగ్‌లో పెట్రోలు వాటాని సర్దేది) ముట్టుకుంటాను. అదీ మెల్లగా. గట్టిగా బిగిస్తే దాని మొన పాడవుతుంది.

ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పాత రబ్బరు గొట్టాల మీద నాకు నమ్మకం పోయింది. పైగా ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, అంటే మిశ్రమంలో గాలి ఎక్కువైనట్టే. కొత్త కార్లలో కంప్యూటర్ సర్దుకుంటుంది, మన కార్బ్యురేటర్‌కి ఆ తెలివి లేదు. మిక్చర్ స్క్రూ కొంచెం వదులు చేయాల్సి వచ్చింది.

పాత 800 కొనచ్చా అని అడిగేవాళ్లకి నేను సరేనంటాను, బానెట్ ఎత్తడానికి బద్ధకం లేకపోతే. మొన్న వినాయక చవితి రద్దీలో అరగంట సిగ్నళ్ల దగ్గరే గడిచింది. ఒక్కసారీ ఆగలేదు. ఆ పగిలిన గొట్టం ముక్క ఇంకా డాష్‌బోర్డ్ అరలోనే ఉంది.