ఆకుల రంగులు చూపిస్తామని టూరు అమ్మేవారితో జాగ్రత్త: ఊరు మారిస్తే తేదీలు కూడా మారాలి

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి దసరా తరువాత ఉత్తరాది కొండలకు వెళ్ళి, అక్కడి చెట్లు పచ్చదనం వదిలి పసుపు, ఎరుపు రంగులకు తిరిగే దృశ్యం చూసి రావాలనుకునే దంపతుల సంఖ్య పెరుగుతున్నది. అలాంటి టూరు కొనేవారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. ముందుగా డబ్బు కట్టిన టూరు ఏ కారణం వల్లనైనా ఆగిపోయి, దాని బదులు మరో చోటు చూపిస్తామని ఏజెన్సీ వారు ముందుకు వస్తే, ఆ కొత్త చోటికి కొత్త తేదీలతో, కొత్త షరతులతో వేరే కాగితం రాయించుకోకుండా దయచేసి ఒప్పుకోవద్దు. మాకు జరిగిన నష్టమంతా ఈ ఒక్క చోటే మొదలైంది. మాకు టూరు అమ్మిన నెల్లూరు ఏజెన్సీ పేరు, చండీగఢ్‌లో కారు అప్పగించడానికి వచ్చిన వారి పేరు ఇక్కడ రాయడం లేదు. విషయం ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఉన్నది.

మా వారు ఉద్యోగ విరమణ చేసిన సందర్భంగా 2025 మార్చిలో మేము కొన్నది కాశ్మీరు టూరు. పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన దానిని కనుక, ఆకులో పత్రహరితం తగ్గిపోయి లోపల దాగి ఉన్న పసుపు వర్ణకాలు పైకి తేలే మార్పును పుస్తకంలో చూపించడమే తప్ప చెట్టు కింద నిలబడి చూసింది లేదు. మన వైపు వేప, రావి ఆకులు రాల్చేది శిశిరంలో, అదీ ఇంత రంగుల హంగు లేకుండా. అక్టోబరు, నవంబరు నెలలు మనకు తుపానుల కాలం. కాశ్మీరులో ఆ సమయానికి చినార్ చెట్లు రంగు మారతాయి. అక్టోబరు మధ్య నుంచి నవంబరు మొదటి, రెండవ వారాల దాకా శ్రీనగర్‌లోని నిషాత్, షాలిమార్ తోటలలో, కాశ్మీరు విశ్వవిద్యాలయం ఆవరణలోని నసీమ్ బాగ్‌లో అవి ముందు పసుపుగా, తరువాత రాగి రంగుగా, చివరికి ముదురు ఎరుపుగా మారతాయి. పాంపోర్ పొలాలలో కుంకుమ పువ్వు పూసేది కూడా ఇంచుమించు ఆ రోజులలోనే. అందుకే నవంబరు మొదటి వారం తేదీలను ఏజెన్సీ వారే సూచించారు, మేము ఒప్పుకున్నాము. ఆ తేదీలు కాశ్మీరుకు సరైనవే. ఈ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తరువాత కథంతా ఈ తేదీల చుట్టూనే తిరిగింది.

ఏప్రిల్ 22న పహల్గాం దగ్గరి బైసరన్ మైదానంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపిన తరువాత మా ఇంట్లో పెద్దవారు కాశ్మీరు ప్రయాణానికి ససేమిరా అన్నారు. మా అత్తగారు అన్నం మానేసినంత పని చేశారు. టూరు రద్దు చేసి డబ్బు ఇవ్వమని అడిగితే, హోటళ్ళకు, కార్లకు ముందే చెల్లించేశామని, వెనక్కి వచ్చేది దాదాపు ఏమీ ఉండదని ఏజెన్సీ వారు చెప్పారు. ఏ హోటలుకు ఎంత చెల్లించారో చూపే రసీదులు అడిగినప్పుడల్లా "తెప్పిస్తాం మేడమ్" అనడమే కానీ ఒక్కటి కూడా మా చేతికి రాలేదు. కొన్నాళ్ళకు వారే ఫోను చేసి, అదే డబ్బుకు హిమాచల్ ప్రదేశ్ పంపిస్తామని, చండీగఢ్‌లో సెల్ఫ్ డ్రైవ్ కారు ఇస్తామని, మనాలీ మీదుగా అటల్ సొరంగం దాటి లాహౌల్ లోయ దాకా వెళ్ళి రావచ్చని, అక్కడ ఆకులు కాశ్మీరు కంటే అందంగా ఉంటాయని చెప్పారు. కారు నడపడం అంటే మా వారికి ప్రాణం. కొండ దారిలో ఇద్దరమే, మాకు నచ్చిన చోట ఆగుతూ వెళ్ళవచ్చన్న మాట మాకు బాగా నచ్చింది.

ఇక్కడే అసలు మోసం జరిగింది. కొత్త టూరుకు కొత్త బిల్లు అడిగాము. అవసరం లేదని, పాత రసీదు వెనుక "హిమాచల్‌కు మార్చబడినది" అని రాసి ముద్ర వేసి ఇచ్చారు. తేదీలు మాత్రం కాశ్మీరు కోసం పెట్టినవే ఉంచారు. ఆ సమయానికి లాహౌల్‌లో ఆకులు ఉంటాయా అని నేను సూటిగా అడిగాను. "ఆకుల సంగతి మాకు వదిలేయండి మేడమ్, అంతా బంగారు రంగే" అని వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపారు. తేదీలు ముందుకు జరపమంటే హోటళ్ళు దొరకవన్నారు. ఆ రికార్డును నేను తీసేయకుండా ఉంచాను. ఈ రోజు మా దగ్గర ఉన్న సాక్ష్యాలలో గట్టిది అదే. మీరు కూడా ఏజెన్సీ వారితో మాట్లాడిన మాటలు ఏ రూపంలో ఉన్నా దయచేసి భద్రంగా దాచుకోండి.

ఆకు రంగు మారే సమయం ఎత్తును బట్టి మారుతుంది. శ్రీనగర్ సముద్ర మట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తులో ఉంటే, లాహౌల్‌లోని సిస్సు, కేలాంగ్ ఊళ్ళు 3,000 మీటర్ల పైన ఉన్నాయి. చలి అక్కడ ఎంతో ముందే దిగుతుంది. అక్కడి పాప్లార్, విల్లో చెట్లు సెప్టెంబరు చివరి నుంచే పసుపు తిరిగి, అక్టోబరు మొదటి రెండు మూడు వారాలలో నిండు రంగులో ఉండి, నెల ముగిసేసరికి ఆకు రాల్చేస్తాయి. పైగా చెట్టు జాతి కూడా వేరు. చినార్ ఎరుపు పాప్లార్‌కు రాదు. చినార్ తేదీలను తెచ్చి లాహౌల్‌కు అతికించడమంటే, బంగినపల్లి మామిడి తినిపిస్తామని శ్రావణ మాసంలో తోటకు తీసుకువెళ్ళడం లాంటిది. ఈ వ్యాపారంలో ఉన్నవారికి ఈ తేడా తెలియదంటే నేను నమ్మలేను. మారిన ప్రణాళికతో వారికి కొత్త ఖర్చు రాకుండా, సీజను అయిపోయి గదులు చవకగా దొరికే రోజులలో మమ్మల్ని పంపారన్నది నా గట్టి అభిప్రాయం.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. మన రెండు జిల్లాలలోనూ వాన దంచికొట్టింది. నీళ్ళు తగ్గిన తరువాత మేము చెన్నై వెళ్ళి, అక్కడి నుంచి విమానంలో చండీగఢ్ చేరాము. కారు తెచ్చిన కుర్రవాడు విమానాశ్రయం బయట పార్కింగులో ఎదురు చూస్తున్నాడు. కారు శుభ్రంగా, కొత్తదిలాగే ఉంది. మా వారు మాత్రం ముందుకు వెళ్ళి నంబరు ప్లేటు దగ్గర ఆగిపోయారు. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు, అంటే సొంత వాడకపు కారు. సెల్ఫ్ డ్రైవ్‌కు చట్టబద్ధంగా అద్దెకిచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. డ్రైవరుతో నడిచే టాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయి. ఆర్‌సీ చూపించమంటే ఫోనులో ఫోటో చూపించాడు, అందులోనూ ప్రైవేటు వాహనమనే ఉంది. మా వారు బీమా సంగతి అడిగితే అతను నవ్వి, దారిలో పోలీసులు ఆపితే స్నేహితుడి కారని చెప్పండి, ఇక్కడ అందరూ అలాగే తీసుకువెళతారు అన్నాడు. వెనుక బంపరు కింద అరచేయి పొడవున ఒక గీత ఉంది, దాని మీద దుమ్ము తుడిచినట్లు కూడా లేదు. అతను నింపి తెచ్చిన అప్పగింత కాగితంలో మాత్రం కారు మీద ఎలాంటి గీతలు లేవని రాసి ఉంది, సంతకం చేయమని పెన్ను చేతికిచ్చాడు.

మా వారు సంతకం పెట్టలేదు. ఆ నిర్ణయం ఎంత అవసరమో కొంచెం వివరంగా చెప్పాలి. సొంత వాడకపు కారును అద్దెకు ఇవ్వడానికి అనుమతి ఉండదు. పర్మిట్ లేకుండా వాహనాన్ని కిరాయికి తిప్పడం మోటారు వాహనాల చట్టంలోని 192ఎ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, జైలు శిక్షకు కూడా అవకాశం ఉన్నది. దాని కన్నా పెద్ద సమస్య బీమాది. ప్రైవేటు కారు పాలసీలో, కిరాయికి వాడిన సమయంలో జరిగిన నష్టానికి పరిహారం వర్తించదనే షరతు ఉంటుంది. కొండ మలుపులో ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ భారం బీమా కంపెనీ మోయనంటుంది, స్టీరింగు పట్టుకున్నవాడి మెడకు చుట్టుకుంటుంది. స్నేహితుడి కారని అబద్ధం చెప్పించడం వెనుక ఉన్న అర్థం ఇదే. కార్లు అద్దెకిచ్చే సంస్థలకు కేంద్ర ప్రభుత్వం 1989లో రెంట్ ఎ క్యాబ్ పథకం కింద లైసెన్సు విధానం పెట్టింది, దానికి కనీసం 50 వాహనాలు ఉండాలన్న నిబంధన కూడా ఉన్నది. అంటే ఎవరో ఒకరు తమ ఇంటి కారును తెచ్చి తాళం ఇస్తే అది సెల్ఫ్ డ్రైవ్ కాదు. డబ్బు కట్టే ముందే కారు నంబరు తెప్పించుకుని ఎంపరివాహన్ యాప్‌లో వాహన రకం, బీమా గడువు చూసుకోవచ్చు. నంబరు ఇవ్వడానికి వెనకాడితే అక్కడే ఆగిపోవాలి.

డిపాజిట్టుగా ముందే యూపీఐలో పంపిన 10,000 రూపాయలు తిరిగి ఇవ్వమంటే, కారు తీసుకోనిది మీరు కనుక డబ్బు రాదన్నారు. నెల్లూరుకు ఫోను చేస్తే ఏజెన్సీ యజమాని "సర్దుకుపోండి సార్" అన్నారు, ఆ పైన ఆ రోజంతా ఫోను ఎత్తలేదు. చివరికి పసుపు ప్లేటు ఉన్న టాక్సీని మేమే మాట్లాడుకున్నాము. తిరిగి చండీగఢ్ చేరేసరికి దానికి 30,000 రూపాయలకు దగ్గరగా అయింది. డ్రైవరు నిదానస్థుడు, మంచివాడు. ఆగస్టు చివరి వరదలకు బియాస్ నది కులూ, మనాలీ మధ్య హైవేను చాలా చోట్ల కోసేసింది. ఆ గాయాలు మానని చోట బండ్లు వరుస కట్టి మెల్లగా కదిలాయి. ఈ దారి స్థితి గురించి కూడా మాకు అమ్మినవారు ఒక్క ముక్క చెప్పలేదు. చండీగఢ్ నుంచి మనాలీ సుమారు 300 కిలోమీటర్లు, అలవాటు లేని చేతులతో ఆ దారిలో చీకటి పడ్డాక కారు నడపడం మంచిది కాదని ప్రతి ఏజెన్సీ ముందుగా చెప్పాలి.

మనాలీ హోటలు గురించి నాకు ఫిర్యాదు లేదు, గది బాగుంది, మనుషులు మర్యాదగా ఉన్నారు. మరునాడు 9 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి అవతలి వైపు వెలుగులోకి రాగానే ఎదురుగా చంద్రా నది, దాని ఒడ్డున వరుసగా పాప్లార్ చెట్లు. వాటి మీద ఒక్క ఆకు లేదు. నిలబెట్టిన చీపుళ్ళలా బూడిద రంగు కొమ్మలు. సిస్సులో టీ కాచి ఇచ్చిన పెద్దావిడను ఆకులు ఎప్పుడు రాలాయని డ్రైవరు చేత అడిగించాను. దసరా దాటిన కొద్ది రోజులకే వచ్చి ఉంటే కళ్ళు చెదిరేదని, ఇప్పుడు ఇక మంచు కోసం ఎదురు చూడడమేనని ఆమె చెప్పింది. ఆమె కాళ్ళ దగ్గర గోడ మూలకు ఊడ్చిన ఆకుల కుప్ప ఉంది. తడిసి, నల్లబడి, ఒకదానికొకటి అంటుకుపోయి. అందులోంచి ఒక ఆకు తీసి చూశాను, ఈనెల దగ్గర మాత్రం కొంచెం పసుపు మిగిలి ఉంది. మా వారు ఏమీ అనకుండా నా శాలువా సరిచేశారు. దిగి వచ్చేటప్పుడు నగ్గర్ వైపు, ఎత్తు తక్కువైన చోట, కొన్ని చెట్లు ఇంకా పసుపుగా కనిపించాయి, వాటి దగ్గర చాలాసేపు ఆగాము. అక్కడి దేవదారులు ఏడాది పొడవునా పచ్చగా ఉండేవే, ప్రకటనలలోని ఫోటోలు చూసి కొండంతా రంగు మారుతుందని ఎవరూ అనుకోవద్దు.

తిరిగి వచ్చాక ఏజెన్సీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాము. ప్రకృతి మా చేతిలో ఉండదని జవాబు వచ్చింది. ప్రకృతి వారి చేతిలో ఉండదన్నది నిజమే, తేదీలు వారి చేతిలోనే ఉన్నాయి. రసీదును మళ్ళీ పరిశీలిస్తే దాని మీద జీఎస్‌టీ నంబరు లేదు. టూరు ప్యాకేజీ మీద 5 శాతం పన్ను అంటూ మా దగ్గర వసూలు చేసినా దానికి సరైన పన్ను బిల్లు ఇవ్వలేదు. మీరు డబ్బు ఇచ్చే రోజే ఈ నంబరు చూసి, జీఎస్‌టీ పోర్టల్‌లో అది ఎవరి పేరున ఉందో సరిచూసుకోండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుని ఏజెన్సీకి పంపారు. అక్కడ తేలకపోవడంతో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా నెల్లూరు జిల్లా కమిషన్‌లో కేసు వేశాము. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, చండీగఢ్‌కో సిమ్లాకో తిరగనవసరం లేదు. ప్రకాశం జిల్లా వారికి ఒంగోలులో కమిషన్ ఉన్నది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు ఉండదు. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ళ లోపు వేయాలి. న్యాయవాదిని పెట్టుకోకుండా సొంతంగా కూడా వాదించుకోవచ్చు. మేము అలాగే చేస్తున్నాము.

నోటీసు అందిన తరువాత ఏజెన్సీ యజమాని మా ఇంటికి వచ్చి, కేసు వెనక్కి తీసుకుంటే వచ్చే ఏడాది కాశ్మీరు టూరుకు సగం ధరకు కూపను ఇస్తానన్నారు. ఇలాంటి కూపను మీకూ ఇవ్వజూపవచ్చు. అది మళ్ళీ వారి దగ్గరే కొనాల్సిన మరో టూరు తప్ప తిరిగి వచ్చిన డబ్బు కాదు. కార్లు అద్దెకిచ్చినవారి దగ్గర ఉన్న డిపాజిట్టు, టాక్సీకి అయిన ఖర్చు, టూరు మొత్తంలో మాకు అందని భాగం లెక్క కట్టి కాగితం మీద రాసి ఆయన చేతికిచ్చి పంపాము. అదే ఏజెన్సీ దగ్గర ప్రణాళిక మార్చుకుని పాత రసీదు మీద వెళ్ళినవారు నెల్లూరులో మరికొందరు ఉన్నారని తెలిసింది. వారు తమ రసీదులు, సందేశాలు తీసి పెట్టుకుని రెండేళ్ళ గడువు దాటకముందే ఫిర్యాదు చేయాలని కోరుతున్నాను.