పన్నీరు: ఇంట్లో కాచుకోవాలా, సీసా కొనాలా?

చెన్నై ఉక్కపోతలో ఇంటికొచ్చి ముఖం కడుక్కుని పన్నీరు చల్లుకుంటే ప్రాణం లేచొస్తుంది. ఆ వాసనకే సగం టెన్షన్ దిగిపోతుంది, అంతకు మించి మొటిమలకు మందనుకోకండి.

ఖర్చు: కోయంబేడు పూల బజారులో గులాబీలు చవగ్గా ఉన్న రోజు ఇంటిదే లాభం, ముహూర్తాల్లో సీసాయే నయం.

శ్రమ: సీసాకి ఏమీ లేదు. ఇంట్లో అయితే పెద్ద గిన్నె మధ్యలో చిన్న గిన్నె, చుట్టూ గులాబీ రేకులు, నీళ్లు, పైన మూత బోర్లించి దాని మీద ఐస్ పెట్టి సన్న మంట మీద కాస్తే, ఆవిరి చల్లబడి చిన్న గిన్నెలోకి చుక్కలు చుక్కలుగా దిగుతుంది. రేకులు ఊరికే ఉడికించి వడకడితే వచ్చేది రంగు నీళ్లే, త్వరగా పాడవుతుంది.

రిస్క్: బజారు పూల మీద పురుగుమందు ఉండొచ్చు, కాచినది ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేయాలి. కొన్ని సీసాల్లో ఉండేది నీళ్లూ సెంటూ కలిపినదే, లేబుల్ చదవండి. ఏదైనా సరే, కళ్లలో వేయకండి.

మేడ మీద మందు కొట్టని గులాబీ మొక్కలుంటే కాచుకోండి. హాస్టల్లో ఉన్నా, చర్మం సున్నితమైనదైనా, సెంటు కలపని చిన్న సీసా కొని ముందు మోచేతి మడతలో రాసి చూడండి. పాయసంలోకైతే తినడానికి పనికొస్తుందని రాసి ఉన్నదే.