నేను చదవని 32 పేజీలు

"మావయ్యా, 352 తర్వాత 385 వచ్చిందేంటి?"

ఆదివారం మధ్యాహ్నం. మా అక్క కూతురు సోఫాలో కాళ్లు ముడుచుకుని రాబర్ట్ జోర్డన్ రాసిన ఇంగ్లిష్ ఫాంటసీ నవలల సీరీస్ వీల్ ఆఫ్ టైమ్ పదో భాగం చదువుతోంది. నేను వంటింట్లో పప్పుకి తాలింపు పెడుతున్నాను. పేజీలు అంటుకుని ఉంటాయి, మెల్లగా విడదీయమ్మా అన్నాను. అంటుకోలేదు. బైండింగ్‌లోనే ఒక ఫారం, అంటే కలిపి కుట్టే పేజీల కట్ట, ఎగిరిపోయింది. 352 చివర మొదలైన వాక్యం 385 మీదకి దూకి, వేరెవరిదో వాక్యం తోక పట్టుకుంటోంది.

"మరి నువ్వెలా చదివావు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ పుస్తకం నేను 2014లో చదివాను. అట్ట నుంచి అట్ట దాకా చదివాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. పైగా పదో భాగాన్ని ఎవరైనా తిడితే పోట్లాటకి దిగేవాణ్ని, ఓపిక లేనివాళ్లే అలా అంటారని. అంత ఓపికగా చదివిన నాకు 32 పేజీలు లేవన్న సంగతి పదేళ్లపాటు తెలియలేదు.

అప్పట్లో నాకో నోట్‌బుక్ ఉండేది. ఈ నవలల్లో పేర్లు వందల్లో వస్తాయి. వెనక పదకోశం ఉంటుంది కానీ మనం వెతికే పేరు మాత్రం అందులో దొరకదు. అందుకని రోజూ చదివిన పేజీలు, వచ్చిన మనుషులు, ఎవరు ఎవరికి ఏమవుతారు, అన్నీ రాసుకునేవాణ్ని. అమ్మాయి పట్టుబట్టి అటక మీంచి దాన్ని దింపించింది. దుమ్ము దులిపి చూస్తే, సెప్టెంబర్‌లో ఒక రోజు కింద నా చేతిరాతలోనే ఉంది: "పే. 341–390. ఎలేన్. వాన. సిల్క్ బోర్డ్ దగ్గర గంటన్నర. కథ కదల్లేదు, బస్సూ కదల్లేదు."

ఒక్క రోజులో 50 పేజీలు లాగించానని మురిసిపోయి పక్కన రెండు గీతలు కూడా కొట్టుకున్నాను. చదివింది 18.

ఈ సీరీస్ దాదాపు మొత్తం నేను చదివింది బెంగళూరులో కంపెనీ బస్సులోనే. మారతహళ్లిలో ఎక్కి, ట్రాఫిక్ ఆగిపోయే సిల్క్ బోర్డ్ కూడలి దాటి, ఎలక్ట్రానిక్ సిటీలో దిగడం, సాయంత్రం అదే దారిలో వెనక్కి. డ్రైవర్ వెనక కిటికీ సీటు నాది. 2012 వానాకాలంలో చర్చ్ స్ట్రీట్‌లో ఓ పాత పుస్తకాల షాపులో మొదటి భాగం కొన్నాను. అట్ట లావు చూసి కొన్నాను, అంతకు మించి కారణం లేదు. పీజీ హాస్టల్లో ఉండేవాణ్ని, శని ఆదివారాలు గడవక చచ్చేవాణ్ని. నాలుగో భాగానికి వచ్చేసరికి సిగ్నల్ త్వరగా పడితే చిరాకేసేది.

కథ ఏమిటో చెప్పను, ఎక్కడైనా దొరుకుతుంది. మనవాళ్లకి ఇందులో కొత్త అనిపించని సంగతి ఒకటి మాత్రం చెప్పాలి. కాలం చక్రంలా తిరుగుతుంది, యుగాలు వెళ్లి మళ్లీ వస్తాయి, హీరో ఒకప్పటి వీరుడి మరుజన్మ. ఆ పూర్వజన్మ మనిషి హీరో బుర్రలో కూర్చుని గొడవపడుతుంటాడు. మా టీమ్‌లో ఓ ఢిల్లీ కుర్రాడు ఇది ఎంత గొప్ప ఊహో అని చెబుతుంటే, మా నాయనమ్మకి చెబితే "ఇందులో ఏముందిరా" అనేదని నవ్వుకున్నాను. కానీ ఆ గొంతు వల్ల హీరో రాండ్‌కి పిచ్చెక్కుతోందా, లేక నిజంగానే లోపల ఇంకో మనిషి ఉన్నాడా అన్న సందేహాన్ని జోర్డన్ వేల పేజీలు సాగదీసిన తీరు నాకు ఇప్పటికీ ఇష్టం.

కోపం తొమ్మిది, పది భాగాల మీద. ఇక్కడ కథ కొంచెం బయటపడుతుంది, కొత్తగా చదివేవాళ్లు ఈ పేరా దాటేయండి. తొమ్మిదో భాగం చివర్లో మూడు వేల ఏళ్లకి పైగా మగవాళ్ల మంత్రశక్తికి పట్టిన మకిలిని రాండ్ కడిగేస్తాడు. సీరీస్ మొత్తంలో అంత పెద్ద సంఘటనలు నాలుగైదు ఉంటాయేమో. కోపమొస్తే తన జడ తనే లాక్కునే నైనీవ్ అనే ఆవిడ పక్కనే ఉంటుంది, ఆ రోజు మాత్రం ఆవిడ జడ లాక్కున్నా నాకు కోపం రాలేదు. పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. తర్వాతి భాగం తెరిస్తే ఏముంది? అదే రోజు మిగతావాళ్లు ఎక్కడెక్కడ ఏం చేస్తున్నారో. దూరంగా ఏదో పెద్ద మంత్రం జరుగుతోందని ఒకరు ఉలిక్కిపడతారు. ఇంకో ఊళ్లో ఇంకొకరు ఉలిక్కిపడతారు. పెళ్లయిపోయాక ఇంటింటికీ వెళ్లి, బాజాలు మీకు ఎలా వినిపించాయండీ అని అడుగుతున్నట్టు ఉంటుంది. రాండ్ స్నేహితుడు పెరిన్ భార్యని ఎత్తుకుపోయి అప్పటికి ఎన్నాళ్లో. అతనేమో పురుగు పట్టిన ధాన్యం కొంటూ ఉంటాడు. ఎలేన్ అనే రాకుమారి సింహాసనం కోసం ఏ పెద్దింటివాళ్లు తన వైపున్నారో లెక్కలేస్తూ ఉంటుంది.

నాకైతే ఒకదాని వెంట ఒకటి దొరికాయి. తొమ్మిదో భాగం 2000లో వస్తే పదోది 2003 జనవరిలో వచ్చింది. రెండేళ్లు ఎదురుచూసి ఇది చదివినవాళ్ల పరిస్థితి తలుచుకుంటే నా 32 పేజీలు చిన్న విషయమే.

అయితే ఆ రాత్రి నాకు నిద్రపట్టనిది వేరే సంగతి. పేజీలు లేకపోయినా వాక్యం ఎలా అతుక్కుంది? డిగ్రీలో తెలుగు చెప్పిన మాస్టారు గుర్తొచ్చారు. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. తిక్కన ఆ మిగిలిపోయిన ముక్క జోలికి పోకుండా విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాసేశాడు. నడుమ ఉన్న ఖాళీని తర్వాతెప్పుడో ఎఱ్ఱన పూరించాడు, అదీ తన పేరుతో కాదు, నన్నయే రాసినట్టు, రాజరాజనరేంద్రుడికే అంకితంగా. అతుకు కనపడకూడదని. సిల్క్ బోర్డ్ దగ్గర వానలో నా నిద్రమత్తు బుర్ర చేసింది ఆ పనే, కాకపోతే పద్యాలు లేవు. ఎలేన్ ఇంకా లెక్కల్లోనే ఉంది కాబట్టి అతుకు నాకూ కనపడలేదు.

వీల్ ఆఫ్ టైమ్‌కీ ఆ గతే పట్టిందని చదివినవాళ్లకి తెలుసు. 11వ భాగం రాశాక 2007లో జోర్డన్ చనిపోయాడు. మిగతా కథకి నోట్స్ వదిలాడు, చివరి సన్నివేశం కూడా రాసి పెట్టాడు. ఆయన భార్య హ్యారియట్, ఆయన పుస్తకాలకి ఎడిటర్ కూడా ఆవిడే, పూర్తి చేసే పని బ్రాండన్ శాండర్సన్‌కి అప్పగించింది. ఒక్క పుస్తకంలో ముగియాల్సింది మూడయింది. జోర్డన్ శైలిని అనుకరించబోవడం లేదని శాండర్సన్ 12వ భాగం ముందుమాటలోనే చెప్పేశాడు. అంటే ఎఱ్ఱన దారి కాదు, తిక్కన దారి.

నేను 2016లో ముగించినప్పుడు ఆ చివరి మూడింటినీ ఆకాశానికెత్తాను. చివరి భాగంలో యుద్ధం అధ్యాయం ఒక్కటే దాదాపు 200 పేజీలు. ఒంగోలు బస్సులో ఫోన్ టార్చ్ వెలుగులో చదువుతుంటే పక్కాయన "బాబూ, రేపు పరీక్షా?" అని అడిగాడు. ఆ రాత్రి మీద ఇప్పటికీ ఒక్క మాట పడనివ్వను. కానీ ఈ మధ్య 12వ భాగం అక్కడక్కడా తిరగేస్తే రాండ్ ఇంకో స్నేహితుడు మ్యాట్ దగ్గర ఆగిపోయాను. జోర్డన్ మ్యాట్ తను హాస్యమాడుతున్నానని తెలియకుండానే నవ్వించేవాడు. శాండర్సన్ రాసిన మ్యాట్‌కి ఆ సంగతి తెలుసు. అప్పట్లో గమనించలేదు. కథ మళ్లీ పరుగెత్తుతోందన్న సంతోషంలో ఎవరు నడుపుతున్నారో చూసుకోలేదు.

పోయిన 32 పేజీలు తర్వాతి వారం ఈ-బుక్‌లో కొని చదివాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, బాగున్నాయి. మంచం మీద తీరిగ్గా, ముందూ వెనకా ఏమీ లేకుండా చదివితే ఎలేన్ లెక్కల్లో ఓ తెలివి కనిపించింది. ఎవరిని బెదిరించాలి, ఎవరిని బతిమాలాలి, ఎవరికి కాస్త ఎక్కువ మర్యాద చేయాలి, మా ఊరి పంచాయతీ ఎన్నికల ముందు రాత్రిలా ఉంది. అంతకు ముందు 350 పేజీలు అలాంటివే మోసుకుంటూ వచ్చి ఉంటే ఇలా అనిపించేదా? అనుమానమే.

కాబట్టి ఎవరైనా మొదలుపెట్టమంటావా అని అడిగితే నేను సరైన మనిషిని కాను. నాకు అప్పుడు రోజుకి మూడు గంటల బస్సు ఉంది, పెళ్లి కాలేదు, ఫోన్‌లో డేటా పొదుపుగా వాడుకునే రోజులు. ఇప్పుడు ఆఫీసు ఇంటి నుంచి నడిచేంత దూరం, పుస్తకం పట్టుకుంటే పది పేజీలకి మా వాడు వచ్చి మీద ఎక్కుతాడు. ఇవాళైతే మూడో భాగం దాటేవాణ్ని కాదేమో. మా మేనకోడలు ఈ కథ మీద తీసిన టీవీ సీరీస్ చూసి ఇటొచ్చింది. అది మూడు సీజన్లకే ఆగిపోయింది కూడా. ఆ పిల్ల పదో భాగాన్ని, నా 32 పేజీలతో సహా, నాలుగు రోజుల్లో ముగించి "ఇంత గొడవ చేశావేంటి, బానే ఉందిగా" అంది. హాస్టల్లో ఉంటుంది, ఇరవై ఏళ్లు, టైమ్ ఉంది.

11వ భాగం ఇచ్చే ముందు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పేజీ నంబర్లన్నీ తిప్పి చూశాను. వరసగానే ఉన్నాయి. 12వ దాంట్లోనూ ఉన్నాయి. 13వది నా దగ్గర లేదు. పీజీలో నా రూమ్మేట్ తీసుకెళ్లాడు, హైదరాబాద్ వెళ్లిపోయాడు, అడిగినప్పుడల్లా "ఇంకా చదువుతున్నా బావా" అంటాడు.