ఆక్సీకరణ సంఖ్యల వీడియో పాఠాలు కొనదగినవేనా?

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయికి స్టాయికియోమెట్రీ (రసాయన చర్యల లెక్కల) పాఠంలో ఆక్సీకరణ సంఖ్యలు, అంటే సమ్మేళనంలో ఒక్కో పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు ఇచ్చినట్టు (+) లేదా తీసుకున్నట్టు (−) లెక్కకు వస్తుందో చెప్పే అంకెలు, కొరుకుడు పడకపోవడంతో, ఆ ఒక్క భాగానికే విడిగా అమ్ముతున్న వీడియో పాఠాలను గత నెలలో కొన్నాము. పక్కన కూర్చుని నేనూ అన్నీ చూశాను. పునాది గట్టిపడాలనుకునే పిల్లలకు ఇవి నిశ్చయంగా పనికివస్తాయి. ప్రవేశ పరీక్షలకు మాత్రం చాలవు.

అన్నిటికంటే నాకు నచ్చినది నియమాలకు ఒక వరుస పెట్టడం. హైడ్రోజన్‌కు +1, ఆక్సిజన్‌కు −2 అని బట్టీ పట్టిన పిల్లలు సోడియం హైడ్రైడ్ కనబడగానే తడబడతారు. ఇందులో ముందు ఫ్లోరిన్‌కు −1, తర్వాత క్షార లోహాలకు +1, క్షారమృత్తిక లోహాలకు +2 రాయించి, ఆ పిమ్మట హైడ్రోజన్‌ను, చివరగా ఆక్సిజన్‌ను చూడమంటారు. ఆ వరుసలో వెళితే సోడియం హైడ్రైడ్‌లో హైడ్రోజన్‌కు −1, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఆక్సిజన్‌కు −1, ఆక్సిజన్ డైఫ్లోరైడ్‌లో ఆక్సిజన్‌కు +2 వాటంతటవే వస్తాయి కనుక, మినహాయింపుల పట్టికను విడిగా కంఠస్థం చేయవలసిన పని ఉండదు.

సమీకరణాలను తుల్యం చేసే పాఠాన్ని ప్రయోగశాలలోనే చిత్రీకరించారు. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడిచేసిన ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణంలోకి బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) నుంచి పర్మాంగనేట్ చుక్కలు పడుతుంటే, మొదటి చుక్కల రంగు నెమ్మదిగా పోవడం, మాంగనీస్ అయాన్లు కొంత ఏర్పడ్డాక అవే చర్యను వేగిరపరచడం, చివరకు ఒక్క చుక్కకే లేత గులాబీ రంగు నిలిచిపోవడం దగ్గరగా చూపించారు. పర్మాంగనేట్‌లోని మాంగనీస్ +7 నుంచి +2కు దిగుతూ 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుందనీ, ఆక్సాలిక్ ఆమ్లం నుంచి వచ్చే ఆక్సలేట్‌లోని రెండు కార్బన్లు +3 నుంచి +4కు చేరుతూ 2 ఎలక్ట్రాన్లు ఇస్తాయనీ, అందుకే 2 పర్మాంగనేట్‌లకు 5 ఆక్సలేట్‌లు కావాలనీ అక్కడే లెక్క కట్టడంతో మా అమ్మాయికి ఆ నిష్పత్తి ఇక మరుపు రాలేదు.

లోపమంతా అణువులో ఏ పరమాణువు దేనితో కలిసి ఉందో చూడవలసిన చోట ఉంది. క్రోమియం పెంటాక్సైడ్‌లో మామూలు లెక్కకు క్రోమియం +10 వస్తుంది. కానీ క్రోమియంకు ఉన్న వేలన్సీ ఎలక్ట్రాన్లే (బంధాలలో పాల్గొనేవి) ఆరు, కనుక +10 కుదరదు. పాఠంలో మాత్రం "జవాబు +6, గుర్తుపెట్టుకోండి" అని దాటేశారు. ఐదు ఆక్సిజన్లలో నాలుగు పెరాక్సైడ్ బంధాలలో (ఆక్సిజన్‌కు ఆక్సిజన్‌తోనే ఉండే బంధాలలో) −1గా ఉన్నాయని ఒక్క బొమ్మ గీసి ఉంటే సరిపోయేది. సోడియం టెట్రాథయోనేట్‌లో సల్ఫర్‌కు 2.5 అని చెప్పి, అది సగటు మాత్రమేనన్న మాట వదిలేయడం ఇంకా బాధ కలిగించింది.

ఈ సందేహాన్ని పాఠాలు అమ్మినవారికి రాసి పంపితే, వారం తర్వాత అదే వీడియోను మళ్లీ చూడమన్నారు. చివరకు నేనే కాగితం మీద నాలుగు సల్ఫర్లను వరుసగా గీసి, రెండు కొసలకూ +5, మధ్యలోని రెండింటికీ సున్నా వేసి చూపించాను.